మోకుముడికి సాక్షి కావలెను

వ్యాసాల కోత మొదలైన 31వ ఏడు. ఏప్రిల్ 3, సోమవారం.

సర్వకోశ కార్యాలయం, గుట్టమీది శాఖ. ఉదయపు ఎండ నలభై ఒక్క డిగ్రీలు. రాసేది మద్దిలేటి, మూడవ తరగతి తుడుపు గుమస్తా, ప్రాచీన అంతర్జాల శాస్త్రంలో పట్టభద్రుడు, రెండవ శ్రేణి. ప్రతి గుమస్తా రోజూ దినచర్య రాయాలని నియమం ఉంది. దాన్ని ఎవరైనా చదవాలని నియమం లేదు. ఆ రెంటి మధ్య దొరికిన సందులో కూర్చుని రాస్తున్నాను.

ఈరోజు పనులు. గోనెపట్టాలు తడిపి కిటికీలకు కట్టాను. బీరువాల్లో తిరిగే జ్ఞాపకపు పళ్ళేలకు వరసగా చెవి ఆనించి విన్నాను. బాగున్న పళ్ళెం తుమ్మెదలా రొద చేస్తుంది. పోయే పళ్ళెం పళ్ళు కొరుకుతుంది. నాలుగో బీరువాలో ఒకటి కొరుకుతోంది. మనుషులకు ఇంకా తెలిసి ఉన్నదంతా ఈ పళ్ళేల మీదే ఉంది. కొత్త పళ్ళెం చేసే చోటు భూమ్మీద ఇప్పుడెక్కడా లేదు. కాబట్టి ఒకటి పోయే ముందు, దాని మీది వ్యాసాలను మిగతావాటిలో సర్దడానికి ఇంకేదో తుడవాలి. ఏది తుడవాలో ప్రాముఖ్యత విచారణ తేలుస్తుంది. తుడిచేది నేను. గచ్చు కూడా నేనే తుడుస్తాను. రెండు పనులకూ హోదా ఒకటే.

ఈ శుక్రవారం విచారణకు రెండు వ్యాసాలు. ఒకటి గంజి రకాలు. రెండోది ‘మోకుముడి’ అనే పాత అంతర్జాల పథకం. గజానికో ముడి వేసిన మోకును పొద్దున్నే బావిలోకి వదిలి, ఎన్నో ముడికి తడి తగిలిందో పంపడం దాని పని. చేరడానికి దరఖాస్తు లేదు. ‘మోకు పట్టినవాడే సభ్యుడు’ అన్నది దాని ఏకైక నిబంధన. ఒకప్పుడు రెండు లక్షల నలభై వేల మంది పట్టారు. తర్వాత బావులు ఎండాయి, జనం చెదిరారు. వ్యాసం కింద వేలాడుతున్న లెక్కలు తెరిచి చూశాను. ఇరవై రెండేళ్ళుగా నల్లగుండ్ల అనే పల్లె నుంచి ఒకే ఒక్క మనిషి రోజూ ఒకే ఒక్క మాట పంపుతోంది. ‘పొడి.’ ఎనిమిది వేల చిల్లర ‘పొడి’లు. ఇంత నిలకడగల రచయిత్రిని నేనింతవరకు చదవలేదు.

మా అధికారి పరిమళ మేడంకు ఈ సంగతి చెప్పాను.

“అయితే అది బతికే ఉందంటావా?”

“ఒక్కరున్నారండి.”

“ఒక్కరు చేస్తే పథకం అనరు మద్దిలేటీ. అలవాటంటారు.”

ఏప్రిల్ 4, మంగళవారం.

గోనెపట్టాలు. చెవి. నాలుగో బీరువాలో కొరుకుడు పెరిగింది.

పదిగంటలకు ఒక అవ్వ వచ్చింది. డెబ్బై నాలుగేళ్ళుంటాయి. భుజాన మోకుచుట్ట. నీళ్ళబండి మీద పద్దెనిమిది మైళ్ళు కూర్చుని వచ్చిందట. పేరు హంపమ్మ. ‘పొడి’ రచయిత్రి.

“ఈడ తుడిసేటోడు ఎవురప్పా?”

“నేనే అవ్వా. గచ్చూ, చరిత్రా రెండూ.”

“నా మోకుముడిని తుడుస్తావంట గదా.”

“నాకేం పగ లేదవ్వా. శుక్రవారం విచారణ ఉంది.”

ఆమె మోకు దించి, దాని మీదే కూర్చుంది. విషయం ఇది. వచ్చే నెల బోరుబండి ఈ తట్టుకు వస్తోంది. కోశంలో నీళ్ళున్నట్టు రుజువున్న చోటే బోరుబండి ఆగుతుంది. లేని ఊరి ముందు హారను కూడా కొట్టదు. నల్లగుండ్లకు ఉన్న రుజువల్లా మోకుముడి లెక్కలే. హంపమ్మ తండ్రి పంపినవి, ‘ఏడో ముడికి నీళ్ళు’ అని. వ్యాసం పోతే దాని కింది లెక్కలు పోతాయి. లెక్కలు పోతే బోరు పోతుంది. బోరు పడని ఊళ్ళో తొంభై ముగ్గురినీ లారీలకెక్కించి సముద్రం ఒడ్డు షెడ్లకు తోలతారు.

“షెడ్లలో నీళ్ళు ఇస్తారంట కదవ్వా.”

“ఇస్తారు. మనిసికొక మంచం, మంచానికొక నెంబరు. మా సెల్లెలు పోయింది. ఒకతూరి దాని నెంబరు మార్చినారు. ఆ పొద్దునుంచి అది యాడుండాదో సెప్పేటోడు ల్యా.”

మాట మార్చడానికి అడిగాను. “ఇరవై రెండేళ్ళు పొడి, పొడి అని ఎందుకు పంపినావవ్వా? మధ్యలో ఒక్కసారైనా తడి అని ఉంటే నీ కేసు గట్టిగుండేది.”

“పొడిగుంటే పొడి అనక ఏమనాల? అబద్దం పంపేదానికి లెక్క ఎందుకు?”

నియమం ఏడు వివరించాను. వ్యాసం నిలవాలంటే, దానితో సంబంధం లేని సాక్షి ఒక్కరు విచారణకు వచ్చి, అది నిజంగా ఉండేదని, నలుగురికీ తెలుసని చెప్పాలి.

“నేనే సెప్తా.”

“నువ్వు సభ్యురాలివి. నీ మాట చెల్లదు.”

“నా బాయి గురించి నా మాట సెల్లదా?”

“నీ బావి కాబట్టే చెల్లదు.”

“మరి ఎవురి మాట సెల్లుతాది?”

“నీ బావి తెలియనివాళ్ళది.”

మోకు భుజాన వేసుకుని లేచింది.

“సదువుకున్నోళ్ళు గదా,” అంది.

ఏప్రిల్ 5, బుధవారం.

సాక్షులను వెతకడం తుడుపు గుమస్తా పని కాదు. తుడవాల్సినది నిలబడేలా చూడడం అసలే కాదు. అయినా మధ్యాహ్నం సెలవు చీటీలో ‘కడుపునొప్పి’ అని రాసి ఊరి మీద పడ్డాను.

గంజికొట్టు రామాంజులను అడిగాను. “మోకుముడా? మా నాయన వొళ్ళో కూసోని నేనే ఇడిసేటోణ్ణి మోకు,” అన్నాడు. అంటే సభ్యుడు. మాజీ బడిపంతులు ఏకంగా తరగతినంతా బావి దగ్గరకు నడిపించేవాడట. నలభై మంది సభ్యులు ఒక్క దెబ్బకు. కాపలా ఠాణాలో ముసలి జమాదారును అడిగితే కళ్ళు తుడుచుకున్నాడు, ఠాణా బావిలో పన్నెండో ముడి అట. సాయంత్రానికి ముప్పై ఒక్క మందిని అడిగాను. ముప్పై ఒక్క మందీ ఎప్పుడో ఒకప్పుడు మోకు పట్టినవాళ్ళే. ఊరంతా వచ్చి తిని వెళ్ళిన పెళ్ళికి, పెళ్ళి జరిగిందనడానికి పిలవనివాడి సంతకం తెమ్మంటే ఎక్కడ తెచ్చేది? ఎవరికీ తెలియని పథకమైతే తెలియదని తుడుస్తాం. అందరికీ తెలిసిందైతే అందరూ దాని మనుషులేనని తుడుస్తాం. దీన్ని నాకు మూడేళ్ళు కళాశాలలో నేర్పారు. పరీక్షలో దీని మీద వచ్చిన ప్రశ్నకే ఎక్కువ మార్కులు వచ్చాయి.

చివరికి జమాదారే వెనక్కి పిలిచాడు. “ఒకడుండాడప్పా. పాత రైలు స్టేషను కాడ, ఖాజా సాబు. వాడొక్కడూ మోకు పట్టల్యా. పేపర్లో మమ్మల్ని యెక్కిరిచ్చి రాసినాడు గూడా.”

పరుగున వెళ్ళాను. ఖాజా మొహిద్దీన్ సాబ్‌కు ఎనభై ఎనిమిదేళ్ళు. పేపర్లు ఉన్న కాలంలో విలేకరి. టికెట్లిచ్చే కిటికీ వెనకాల కాపురం. సంగతి చెప్పగానే పళ్ళులేని నోటితో హాయిగా నవ్వాడు.

“‘మోకు పట్టిన మూర్ఖులు’ అని పెట్టినా బేటా హెడ్డింగు. అరవై ఏండ్ల కింద. బాయిలో నీళ్ళు కొలిస్తే నీళ్ళు పెరుగుతాయా అని రాసినా. నూట పన్నెండు తిట్ల ఉత్తరాలొచ్చినాయి నాకు.”

నాకు ఆయన్ను ఎత్తుకుని తిప్పాలనిపించింది. పథకం నిజంగా ఉండేదని ఎరిగినవాడు. నలుగురికీ తెలుసని, నూట పన్నెండు ఉత్తరాల దెబ్బతో ఎరిగినవాడు. దాన్ని అసహ్యించుకున్నవాడు. నియమం ఏడు రాసినవాళ్ళు కలలో చూసి ఉంటారు ఇటువంటి సాక్షిని.

“శుక్రవారం వచ్చి ఇదే చెప్పండి సాబ్, చాలు.”

“వస్తా. కానీ ముందు ఆ బాయి చూపీ. అప్పుడు ఒక్క బాయి గూడా చూడకుండా రాసినా. ఈ వయసులో మళ్ళా చూడకుండా చెప్పను.”

న్యాయమే అనిపించింది.

ఏప్రిల్ 6, గురువారం.

మహత్తరమైన దినం. సెలవు చీటీలో ‘కడుపునొప్పి, రెండవ భాగం’.

నీళ్ళబండి మీద నల్లగుండ్లకు వెళ్ళాం. ముప్పై ఇళ్ళు, చుట్టూ నల్లటి బండలు, ఊరి నడుమ రాతి బావి. హంపమ్మ గట్టు మీద కాచుకుని ఉంది. మేం వస్తామని ఆ రోజు లెక్క ఇంకా తీయలేదు.

“నువ్వేనా మమ్మల్ని మూర్కులని రాసింది?” అంది, సాబ్ ఇంకా బండి దిగకముందే.

“నేనేనమ్మా.”

“నాకప్పుడు పద్నాలుగేండ్లు. మా నాయన ఆ పేపరు పరుసుకోని, నీ పేరు మీద సంగటిముద్ద పెట్టుకోని తిన్న్యాడు.”

“రుచిగుండిందా?”

“ఉప్పు తక్కువైందన్న్యాడు.”

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆమె నీళ్ళిచ్చింది, గ్లాసులో మూడో వంతు. అక్కడ అతిథికి అదే విందు. తర్వాత మోకు తీసుకుని లేవబోతే భుజం పట్టేసి, అలాగే గట్టు మీద కూలబడింది.

ఇక్కడ నేనొక హాస్యోక్తి విసిరాను. అక్షరం పొల్లుపోకుండా రాస్తున్నాను. “సాబ్, అరవై ఏళ్ళు దూరం నుంచి తిట్టినారు. ఒకతూరి మోకు పట్టి తిట్టండి, రుచి తెలుస్తుంది.”

ఊరివాళ్ళు పదిమంది నవ్వారు. సాబ్ చేతులు చొక్కాకు తుడుచుకుని మోకు అందుకున్నాడు. హంపమ్మ కూర్చున్నచోటు నుంచే ముడులు లెక్కపెట్టింది. పది. పదిహేను. ఇరవై. ఇరవై ఆరో ముడి మోకుకు ఆఖరిది. అది గట్టు దాటగానే ఆగాడు.

“బరువు మారిందమ్మా,” అన్నాడు.

పైకి లాగాం. కొస తడిగా ఉంది. నీళ్ళు కాదు, బురద. తాగేందుకు పనికిరాదు, ఇంకా నూరడుగులు లోపలికి పోతే తాగొచ్చు, అది బోరుబండి పని. హంపమ్మ ఆ కొసను వాసన చూసింది. తర్వాత పక్కనున్నామెకు ఇచ్చింది. ఆమె ఇంకొకరికి. తొంభై ముగ్గురూ వరసగా ముట్టుకున్నారు. నేను ఏ హాస్యమూ ఆడలేదు, అది దినచర్యలో నమోదు చేయదగ్గ విషయం.

హంపమ్మ తన పాత చేతిపెట్టె తీసి లెక్క పంపింది. ‘ఇరవై ఆరు. తడి.’ కింద మోకు పట్టినవారి పేరు రాయాలి. ఎనిమిది వేల సార్లు తన పేరు రాసిన మనిషి, ఈరోజు పట్టింది తాను కాదు గనుక తన పేరు రాయలేదు.

“ఖాజా ఎట్ల రాయాల నాయనా? కా కు వొత్తుండాల్నా?”

ఎక్కడెక్కడ వత్తు పెట్టాలో పక్కన కూర్చుని నేనే చెప్పాను.

రేపు విచారణ. గెలుస్తున్నాం.

ఏప్రిల్ 7, శుక్రవారం.

గోనెపట్టాలు. చెవి. మిగతాది వరసగా రాస్తాను.

గంజి రకాలకు పద్నాలుగు మంది సాక్షులు వచ్చారు. రెండు నిమిషాల్లో నిలబడింది.

మోకుముడికి ఖాజా సాబ్ ఇస్త్రీ చొక్కాతో వచ్చాడు. హంపమ్మ వెనక బల్ల మీద కూర్చుంది, ఒళ్ళో మోకు.

“ఈ పథకంతో మీకు సంబంధం ఉందా?” అని పరిమళ మేడం అడిగారు.

“ల్యాదు మేడం. జీవితమంతా తిట్టినా.”

నా వైపు చూసి మేడం కొంచెం నవ్వారు కూడా. ఆ తర్వాత నియమం ప్రకారం వ్యాసాన్ని అందరి ముందూ తెరిచారు. తెరిచిన వ్యాసంలో అన్నిటికన్నా పైన ఉండేది ఆఖరి లెక్క. ఇరవై ఆరు. తడి. మోకు పట్టినవారు: ఖాజా మొహిద్దీన్. వత్తులన్నీ సరిగ్గా ఉన్నాయి.

మోకు పట్టినవాడే సభ్యుడు. సోమవారంనాడు ఈ పుస్తకంలో ఆ వాక్యం నా చేత్తో నేనే రాశాను. పేజీలు వెనక్కి తిప్పి చూసుకున్నాను, ఉంది.

“ఇది మీరేనా?” అన్నారు మేడం.

“నేనే,” అన్నాడు సాబ్. ఆయనకు ఇంకా అర్థం కాలేదు. అర్థమయ్యాక కూడా కాదనలేదు.

హంపమ్మ లేచి మోకు కొస పట్టుకుని ముందుకు వచ్చింది. “సాచ్చి పోతే పోనీ తల్లీ. ఇదో బురద. ముట్టుకోని సూడు.”

మేడం ముట్టుకున్నారు. నేను చూశాను.

“తడిగానే ఉందమ్మా. కాని ఇది మీరు సొంతంగా చూసినది. సొంతంగా చూసినది కోశంలో చెల్లదు. ఇంకెవరో చూసి చెప్పింది కావాలి.”

“బోరుబండోళ్ళకు నువ్వొక మాట సెప్పు.”

“వాళ్ళు కోశంలో ఉన్నదే నమ్ముతారు. నా మాట కాదు.”

నేను లేచాను. గుమస్తా విచారణలో మాట్లాడకూడదు. “వ్యాసం తుడిచినా, నల్లగుండ్ల లెక్కలొక్కటీ ఉంచుదామండి.”

“చెట్టు కొట్టి కాయలు ఉంచమంటావా?” అన్నారు మేడం. తర్వాత గొంతు తగ్గించి, “నాలుగో బీరువాలో కొరికే పళ్ళెం మీద పిల్లల మందుల మోతాదులున్నాయి. ఈ వారం దాటదని నువ్వే రాసిచ్చావు. వాటినెక్కడ పెట్టమంటావు? చెప్పు, అక్కడే పెడతాను,” అన్నారు.

జవాబు హంపమ్మే చెప్పింది.

“పిల్లోళ్ళ మందులు పెట్టుకోండి. దానికి ఎవురేమంటారు,” అంది. మోకు చుట్టుకుని వెళ్ళి వరండాలో కూర్చుంది.

పన్నెండూ నలభైకి తుడిచాను. నాలుగు నిమిషాలు పట్టింది. పాతవి ముందు పోతాయి. ఏడు, ఏడు, ఎనిమిది, ఏడు. ఎవరెవరివో బావులు. తర్వాత అంతా పొడి, పొడి, పొడి. వరండాలోకి వచ్చేసరికి సాబ్ అవ్వ పక్కన నిలబడి, “పట్టకుండా ఉండాల్సింది,” అంటున్నాడు.

“నువ్వు పట్టినందుకే గదా తడి తెలిసింది,” అంది ఆమె. నన్ను మాత్రం ఏమీ అనలేదు. ఒక్క తిట్టు తిట్టి ఉంటే ఇక్కడ రాసుకునేవాణ్ణి.

ఏప్రిల్ 10, సోమవారం.

తుడవబోయే ముందు నల్లగుండ్ల లెక్కలు కొన్ని కాగితం మీద ఎక్కించుకున్నాను. నియమ విరుద్ధం. ఈరోజు ఆ కాగితం పట్టుకుని బోరుబండి కచేరీకి వెళ్ళాను.

“దీనికి మూలం?” అని అడిగారు.

“నేను,” అన్నాను.

నేను ఎన్నడూ ఎవరినీ ఇంతగా నవ్వించలేదు.

ఏప్రిల్ 24, సోమవారం.

బోరుబండి జాబితాలో ఊరి పేరు లేదు. నల్లగుండ్లకు నాలుగు లారీలు వచ్చాయి. సెలవు చీటీలో కారణం గడి ఖాళీగా వదిలేశాను.

పొద్దున ఏడింటికే సామాన్లు ఎక్కాయి. మనిషికొక మూట అని ఆజ్ఞ. ఒకాయన రుబ్బురోలు ఎక్కించబోయి, దించేసి, మళ్ళీ ఎక్కించబోయాడు. డ్రైవరు వద్దనలేదు. ఆయనే దించేశాడు.

హంపమ్మ బావి దగ్గర ఉంది. ఒంటరిగా మోకు లాగుతోంది, భుజం వంకర పోతోంది. సాయం పట్టబోయాను.

“ముట్టుకోబాక,” అంది. “ఎవురో ఒకరు బయట ఉండాల.”

చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను. కొస పైకి వచ్చింది. ఈసారి ఇరవై ఐదో ముడి కూడా తడిసింది. పద్దెనిమిది రోజుల్లో గజం పైకొచ్చింది బావి.

“ఇరవై ఐదు,” అంది ఆమె. చేతిపెట్టె తీసింది, చూసింది, కొంగున కట్టేసుకుంది. “యాడికి పంపాల?”

“నాకు చెప్పవ్వా.”

“నువ్వు మూలం గావు గదా నాయనా.”

వెక్కిరింపు కాదు. నాకు గుర్తుచేసింది, అంతే. మోకును మూటగా ఒప్పుకుంటారా అని డ్రైవరును అడిగింది. ఒప్పుకున్నాడు. బట్టల మూట కిందే వదిలేసి మోకుతో ఎక్కింది.

మే 15, సోమవారం.

గోనెపట్టాలు. చెవి. రెండో బీరువా.

ఈ వారం విచారణ జాబితాలో ‘నల్లగుండ్ల’ ఉంది. ఎవరూ ఉండని ఊరు గనుక వ్యాసం అవసరమా అని. ఊరివాళ్ళు సాక్ష్యానికి పనికిరారు. ఖాజా సాబ్ ఆ బావి సభ్యుడు, పనికిరాడు.

పరిమళ మేడం నన్ను పిలిచారు. బల్ల మీద కాగితాలు సర్దుతూనే అడిగారు. “ఆ ఊరు చూసి, ఆ ఊరివాడు కానిది ఈ గుట్ట మీద ఎవరు?”

“నేనండి.”

“మోకు పట్టావా?”

“పట్టలేదండి.”

“బంధువులు?”

“లేరు.”

“నువ్వు చెప్పొచ్చు,” అన్నారు. తల ఎత్తలేదు. “కాని ముందు ప్రమాణం ఉంటుంది. ఆ ఊరితో, ఆ మనుషులతో నీకే సంబంధమూ లేదని.”

షెడ్లకు వార్త పంపాను. ఫలానా ప్రమాణం చేయాల్సి వస్తోంది, ఏం చేయమంటావవ్వా అని. 

మే 18, గురువారం.

మంచం నెంబరు 4117 నుంచి జవాబు వచ్చింది. ‘సెప్పు నాయనా. మాకు నువ్వెవురూ కావు.’

మే 19, శుక్రవారం.

ఇస్త్రీ చొక్కా వేసుకున్నాను. ప్రమాణం మూడుసార్లు చెప్పాలి. నాకీ ఊరితో ఏ సంబంధమూ లేదు. మొదటిసారి గొంతు బాగానే వచ్చింది. మూడోసారి ఇంకా బాగా వచ్చింది. తర్వాత ఊరు ఉండేదన్నాను. ముప్పై ఇళ్ళు, నల్లబండలు, తొంభై ముగ్గురు మనుషులు.

వ్యాసం నిలబడింది. పళ్ళెం మీదికి ఎక్కించే ముందు సాక్షికి ఒకసారి చదివి వినిపించాలి. మేడం చదివారు. “నల్లగుండ్ల. పూర్వపు గ్రామం. జనాభా సున్న. నీటి ఆధారం ఎన్నడూ లేదు.”

“ఆఖరి వాక్యం తప్పండి,” అన్నాను.

మేడం కలం పట్టుకుని ఆగారు. దిద్దడానికి సిద్ధంగానే ఉన్నారు, ఆ మాట ఒప్పుకోవాలి.

“నీకెలా తెలుసు?” అన్నారు.

హంపమ్మ మోకు మాటెత్తితే ఆ మనుషులతో సంబంధం ఒప్పుకున్నట్టే. ప్రమాణం చేసి అప్పటికి రెండు నిమిషాలే అయింది.

“తెలియదండి,” అన్నాను.